పరుల కొలతలు: రిస్లే పట్టికల పునఃపరిశీలన చరిత్ర

పరిశోధనకు ఆధారమగు సామగ్రి రెండు విధములు. పరిశోధకుడు తన ప్రశ్న నిమిత్తమై స్వయముగా సేకరించుకొనునది మొదటిది. వేరొకరు, వేరొక కాలమున, వేరొక ప్రయోజనము కొరకు సేకరించి యుంచిన దానిని తన ప్రశ్నకు అన్వయించుకొనునది రెండవది. సాంఖ్యక శాస్త్రజ్ఞులు మొదటిదానిని ప్రాథమిక దత్తాంశమనియు, రెండవదానిని ద్వితీయ దత్తాంశమనియు వ్యవహరింతురు. ద్వితీయమను పేరునుబట్టి అది తక్కువరకమైనదని తలంపరాదు. జనాభా లెక్కలు, రెవిన్యూ దస్తరములు, వర్షపాతపు పట్టికలు, ఆసుపత్రుల రిజిష్టరులు లేనిచో సామాజిక శాస్త్రములు ఒక్క అడుగైనను ముందునకు సాగజాలవు. ఏ పరిశోధకుడును తన జీవితకాలమున వేయి గ్రామములు తిరిగి లక్షలమందిని లెక్కింపజాలడు గదా! కావున పరుల సేకరణపై ఆధారపడుట తప్పనిసరి. ఎట్లు ఆధారపడవలెను అనునదే నేర్చుకొనవలసిన విద్య.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ విద్య కొంత పరిచితమే. మన చేతికి వచ్చిన తాళపత్రప్రతి కవి స్వహస్తముతో వ్రాసినది కాదు. ఎవరో లేఖకుడు మరియొక ప్రతినుండి ఎత్తి వ్రాసినది. అందు లేఖకప్రమాదములుండును, ప్రక్షిప్తములుండును, పోషకుని మెప్పుకొరకు చేసిన మార్పులుండును. సి. పి. బ్రౌన్ దొర పండితులను నియమించి పెక్కు ప్రతులు సంపాదించి పాఠములను సరిపోల్పించినది ఇందుకొరకే. అంకెల పట్టికయు అట్టి ప్రతియే. దానికిని లేఖకులున్నారు, పోషకులున్నారు, ప్రమాదములున్నవి. అయితే ఒక భేదము కలదు. పద్యమున గణము తప్పినను, యతి తప్పినను చదువరి చెవికి వెంటనే తోచును. పట్టికలో అంకె తప్పినచో దానియంతట అది తోచదు, వెదకినవానికే కనబడును.

క్రొత్తగా పరిశోధనకు పూనుకొనువారికి ఈ వెదకుటను ఏ క్రమమున నేర్పవలెనను ప్రశ్నకు, ఒక పట్టిక చరిత్రను ఆధారము చేసికొని సమాధానము చెప్పుట ఈ వ్యాసోద్దేశము. ఆ పట్టిక 1891లో అచ్చుపడినది. దానిని మరల మరల చదివిన క్రమమున భారతదేశమున సాంఖ్యక శాస్త్రము వృద్ధి పొందినది. ఆ చదువరుల పరంపరలో ఒక తెలుగు యువకుడును ఉండెను.

రిస్లే సేకరణ

హర్బర్ట్ హోప్ రిస్లే (1851–1911) ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. 1885లో బెంగాలు రాష్ట్రమునందలి కులములను, తెగలను గూర్చి వివరములు సేకరించు కార్యము ఆయనకు అప్పగింపబడెను. పారిస్ నగరపు మానవశాస్త్రజ్ఞుడగు పాల్ తొపినార్ పద్ధతి ననుసరించి, ఆసుపత్రి సహాయకులకు శిక్షణ యిప్పించి, వారిచే వ్యక్తుల తల, ముక్కు, ముఖము, దేహపుటెత్తు మొదలగువానిని కొలిపించెను. ఈ శ్రమఫలము 1891లో ‘ది ట్రైబ్స్ అండ్ కాస్ట్స్ ఆఫ్ బెంగాల్’ అను పేర నాలుగు సంపుటములుగా వెలువడెను. అందు రెండు సంపుటములు కులముల, తెగల వర్ణనలు. తక్కిన రెండును కేవలము కొలతల పట్టికలు. బెంగాలు మొదలు వాయవ్య సరిహద్దు వరకు గల 89 సముదాయములకు చెందిన సుమారు 6,000 మంది కొలతలు సేకరింపబడినవని రిస్లే తెలిపెను.

ఈ కొలతలలో రిస్లే మిక్కిలి ప్రాధాన్యమిచ్చినది నాసికాసూచిక. ముక్కు వెడల్పును ముక్కు ఎత్తుతో భాగించి నూటితో గుణింపగా వచ్చు సంఖ్యయే ఈ సూచిక. అది 70కి లోబడినచో సన్నముక్కు, 70కిని 85కిని నడుమనున్నచో మధ్యమము, 85కు మించినచో వెడల్పు ముక్కు అని విభాగము. కులముల సగటు సూచికలను వరుసగా పేర్చి చూచి, ముక్కు వెడల్పు హెచ్చిన కొలది సంఘమున ఆ కులపు స్థానము తగ్గుచున్నదని రిస్లే నిర్ణయించెను. కులవ్యవస్థకు మూలము జాతిభేదమే యను సిద్ధాంతమునకు ఇది ఆయన చూపిన ముఖ్యమైన ఆధారము.

ఈ నిర్ణయము గ్రంథమునకే పరిమితమై యున్నచో దాని చరిత్ర వేరుగా నుండెడిది. 1901 జనాభా లెక్కలకు రిస్లేయే కమిషనరుగా నియమింపబడెను. అంతకు ముందు 1891 లెక్కలలో కులములను వంశపారంపర్యపు వృత్తినిబట్టి విభజించియుండిరి. 1901లో ఆ పద్ధతిని విడిచి, స్థానిక ప్రజాభిప్రాయమునుబట్టి సాంఘికమైన హెచ్చుతగ్గుల వరుసలో కులములను అమర్పవలెనని నిర్ణయించిరి. పేరునకు ఆ వరుస ప్రజాభిప్రాయముపై ఆధారపడినదే. కాని ప్రజాభిప్రాయము చూపు వరుసయు, ముక్కు కొలతలు చూపు వరుసయు ఒక్కటేయని రిస్లే నమ్మకము. తమకు తక్కువ స్థానమిచ్చిరని అనేక కులసంఘములు ప్రభుత్వమునకు అర్జీలు పెట్టుకొనెను. ఒక ప్రభుత్వపు పట్టికలో తమ స్థానము కొరకు మనుష్యులు అర్జీలు వ్రాసికొనవలసిన స్థితి ఆ విధముగా ఏర్పడెను. కావున ఆ పట్టికలను సరిగా చదువుట, చదువకపోవుట అనునది పండితుల వినోదమునకు సంబంధించిన విషయము కాదు.

ఘుర్యేగారి పఠనము

ఈ కొలతలను విమర్శబుద్ధితో మరల చదివినవారిలో బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్ర శాఖాధిపతులగు గోవింద సదాశివ ఘుర్యేగారు ముఖ్యులు. వారి ‘కాస్ట్ అండ్ రేస్ ఇన్ ఇండియా’ 1932లో ప్రకటితమయ్యెను. అందు కులమునకును జాతికిని గల సంబంధమును విచారించు అధ్యాయమున ఘుర్యేగారు ప్రచురితమైన కొలతలనే ఆధారముగా గ్రహించిరి. రిస్లే చూపిన సామగ్రితోనే రిస్లే సిద్ధాంతమును పరీక్షించిరన్నమాట.

వారి పద్ధతి సరళమైనది. కులముల హెచ్చుతగ్గులు దేశమంతటికిని ఒక్కటిగా నుండవు. ఒక్కొక్క భాషాప్రాంతమున ఒక్కొక్క వరుస కలదు. కావున దేశమునంతటిని ఒక పట్టికలో చేర్పక, ప్రాంతమును ప్రాంతముగా విడదీసి, ఆ ప్రాంతమునందలి కులముల సాంఘిక క్రమమును, శరీరపు కొలతల క్రమమును ప్రక్కప్రక్కన నిలిపి చూచిరి. సంయుక్త రాష్ట్రములనబడిన హిందూస్థాన ప్రాంతమున మాత్రము రెండు వరుసలకును కొంత పొందిక కనబడెను. ఆ ప్రాంతమునకు వెలుపల, ప్రతి భాషాప్రాంతమునందును ప్రజలు మిశ్రమరూపమున నున్నారనియు, కొలతల వరుస సాంఘిక క్రమమును అనుసరించుట లేదనియు తేలెను.

దీనినుండి నేర్వదగిన పాఠమొకటి కలదు. దూరదూర ప్రాంతముల అంకెలను ఒకే పట్టికలో కలిపినప్పుడు ప్రాంతభేదము కులభేదముగా కనబడు అవకాశమున్నది. కలుపుటకు ముందు విడదీసి చూడవలెను. ఘుర్యేగారు క్రొత్త కొలత ఒక్కటియు తీయనక్కరలేకయే, పాత కొలతలను పేర్చు విధమును మార్చుట చేతనే, ఒక పెద్ద సిద్ధాంతపు పరిమితిని చూపగలిగిరి.

అయితే ఘుర్యేగారి ప్రశ్న అంకెల అర్థమును గూర్చినది. ఆ అంకెలే సరియైనవా యను ప్రశ్న అప్పటికి మిగిలియే యుండెను.

మహలనోబిస్ పరిష్కరణము

ఆ ప్రశ్నను చేపట్టినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో వారు భౌతికశాస్త్రాచార్యులు. సాంఖ్యక శాస్త్రమున వారి తొలి రచనయే పరుల కొలతలపై ఆధారపడినది. 1920లో నాగపురమున జరిగిన సైన్సు కాంగ్రెసు సందర్భమున, జంతుశాస్త్ర సర్వే అధిపతియగు నెల్సన్ అనండేల్, తాను కలకత్తాలో ఆంగ్లో ఇండియనులను కొలిచి సేకరించిన వివరములను విశ్లేషింపుమని వారిని కోరెను. వానిలో 200 మంది పురుషుల ఎత్తును గూర్చిన విశ్లేషణము 1922లో అచ్చుపడెను.

ఆ కాలముననే పాత రికార్డుల శక్తిని చూపు మరి రెండు సందర్భములు వారికి తటస్థించినవి. 1922లో ఉత్తర బెంగాలునకు వరదలు వచ్చినప్పుడు, నీటిని నిలుపు జలాశయములను బహువ్యయముతో నిర్మింపవలెనని ఇంజనీర్లు తలపెట్టిరి. మహలనోబిస్ గారు 50 సంవత్సరముల వర్షపాతపు, వరదల లెక్కలను పరిశీలించి, అట్టి నిర్మాణముల వలన ప్రయోజనముండదనియు, నీరు త్వరగా పారుటకు మార్గమేర్పరుపవలెననియు చూపిరి. 1926లో ఒరిస్సాయందు బ్రాహ్మణీ నదికి వరద వచ్చినప్పుడు, నది అడుగు మేటవేసి పెరిగినది కావున గట్లు ఎత్తు చేయవలెనని నిపుణుల మతము. సుమారు 60 ఏండ్ల రికార్డులను పరిశీలింపగా నది అడుగు పెరిగిన జాడ కనబడలేదు. ఆ రికార్డులను వ్రాసిన గుమాస్తాలెవ్వరును ఇట్టి ప్రశ్నను ఊహించి యుండరు. ఐనను ప్రతి సంవత్సరము ఒకే తీరున వ్రాసి యుంచుట వలన, ఊహింపని ప్రశ్నకును అవి సమాధానము చెప్పగలిగినవి.

రిస్లే ముద్రించిన కొలతలను మహలనోబిస్ గారు బెంగాలులో జాతి సమ్మిశ్రణమును గూర్చిన తమ 1925 నాటి ఉపన్యాసమున ఉపయోగించిరి. పిదప ఆ అంకెలనే పరీక్షకు పెట్టిరి. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపితమయ్యెను; 1933లో దాని పత్రిక ‘సాంఖ్య’ ప్రారంభమయ్యెను. ఆ పత్రిక మొదటి సంపుటముననే బెంగాలు కులములకు, తెగలకు సంబంధించిన రిస్లే కొలతల సవరణమును వారు ప్రకటించిరి. చిట్టగాంగు కొండతెగల కొలతల సవరణమును కూడ ఆ సంపుటముననే ప్రకటించిరి. ముద్రితమైన ఒక్కొక్క వ్యక్తి కొలతలను తీసికొని, సగటులను మరల కట్టి, అచ్చు తప్పులను, లెక్క తప్పులను ఏరి సరిదిద్దుట ఆ పనిలోని ముఖ్యాంశము.

అట్టి పరీక్ష ఎట్లు సాధ్యమగునో ఒక కల్పిత ఉదాహరణముతో చూపవచ్చును. ఒక వ్యక్తి ముక్కు ఎత్తు 50 మిల్లీమీటరులు, వెడల్పు 40 మిల్లీమీటరులు అనుకొందము. సూచిక 80 కావలెను. అచ్చులో 50 బదులు 56 పడినచో, లెక్క ప్రకారము సూచిక 71.4 వచ్చును. పట్టికలో సూచిక 80గానే యున్నచో మూడు అంకెలకును పొందిక చెడినదని చదువరి గ్రహింపగలడు. పద్యమున యతి చేయు ఉపకారమును ఇచ్చట సూచిక చేయుచున్నది. ఈ తప్పును గ్రహింపక, ఇరువదిమంది గల సముదాయమున ఆ వ్యక్తి సూచికను 71.4గా చేర్చినచో సగటు 0.43 తగ్గును. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని కులములను వరుసగా పేర్చినప్పుడు ఒకదాని సగటునకును ప్రక్కదాని సగటునకును నడుమ భేదము పలుచోట్ల ఇంతకంటె ఎక్కువ ఉండదు. ఒక్క అచ్చు తప్పు ఒక సముదాయమును ఒక మెట్టు పైకిగాని క్రిందికిగాని నెట్టగలదు.

ఇచ్చట రిస్లేకు చెందవలసిన యశమును కూడ చెప్పవలెను. ఆయన సగటులను మాత్రమే ప్రకటించి ఊరకున్నచో ఈ పరిష్కరణము అసాధ్యమై యుండెడిది. ఒక్కొక్క వ్యక్తి కొలతను రెండు సంపుటముల నిండ అచ్చువేయించుట చేతనే ఆయన తప్పులు బయటపడినవి. ఆయన సిద్ధాంతమును పరీక్షించుటయు సాధ్యమైనది. తన నిర్ణయమును ఖండించుటకు కావలసిన సాధనమును చదువరి చేతికిచ్చుట పరిశోధకుని ధర్మము. ఫలితములను మాత్రము చూపి మూలపు అంకెలను దాచుకొనువాడు రిస్లేకంటె తక్కువ ధర్మమును పాటించుచున్నాడని చెప్పవలసియున్నది.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారి శిక్షణ

పాత కొలతలను పోల్చు ఈ ప్రయత్నమునుండి, పెక్కు లక్షణములను ఒక్కమారుగా గణించి రెండు సముదాయముల నడుమ దూరమును తెలుపు ఒక సూత్రమును మహలనోబిస్ గారు 1936 నాటికి రూపొందించిరి. దానిని సంపూర్ణముగా ప్రయోగించు బాధ్యతను వహించినవారిలో కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ముఖ్యులు. వారు 1920లో నాటి మద్రాసు రాజధానిలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున పట్టభద్రులై, ఉద్యోగప్రయత్నమున కలకత్తాకు పోయి, 1941లో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటున శిక్షణకై చేరిరి.

1941లో లక్నో విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞులగు డి. ఎన్. మజుందారు గారు సంయుక్త రాష్ట్రములలో శరీరపు కొలతలు సేకరించిరి. వాని విశ్లేషణము మహలనోబిస్, మజుందారు, రావు మువ్వురి పేర 1949లో ‘సాంఖ్య’యందు వెలువడెను. అది రెండువందల పుటలకు మించిన రచన. కొలిచినవారొకరు, లెక్కించినవారొకరు, ఇరువురును ఒకే రచనకు కర్తలు. అంకె పుట్టిన చోటు తెలిసినవారును, అంకెను పరీక్షింపనేర్చినవారును కూడి పనిచేయుట ఆ సంస్థలోని శిక్షణకు పునాది.

1946లో రావుగారును, తరువాత సమాజశాస్త్రజ్ఞులుగా ప్రసిద్ధి కెక్కిన రామకృష్ణ ముఖర్జీగారును కేంబ్రిడ్జికి పంపబడిరి. సూడాను దేశమున జెబెల్ మోయా అను కొండచెంత, ఔషధవర్తకుడగు హెన్రీ వెల్కమ్ 1910 మొదలు 1914 వరకు త్రవ్వించిన ప్రాచీన సమాధులలోని అస్థిపంజరములు అచ్చట నుండెను. త్రవ్వకమునకును విశ్లేషణమునకును నడుమ ముప్పదియేండ్లకు పైగా గడచెను. ఎముకలు పెక్కు విరిగి శిథిలమై యుండెను. పూర్తి కొలతలకు వీలులేనివి అనేకము. త్రవ్వినవారిని అడుగుటకు వీలు లేని స్థితిలో, లభించిన దానినుండి ఎంతవరకు చెప్పవచ్చునో, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుట వారి పని. ఆ కృషికి సంబంధించిన సమస్యలను విచారించుచు రావుగారు ఆర్. ఎ. ఫిషర్ పర్యవేక్షణమున 1948లో డాక్టరేటు పొందిరి. జెబెల్ మోయా గ్రంథము ముఖర్జీ, రావు, ట్రెవర్ మువ్వురి పేర 1955లో అచ్చుపడెను. రావుగారు 2023లో తమ 102వ యేట పరమపదించిరి. దత్తాంశమును సాక్షిని అడ్డుప్రశ్నలు వేసినట్లు ప్రశ్నింపవలెనని వారు తమ తరువాతి రచనలలో పలుమారులు బోధించిరి. ఆ బోధకు బీజము ఈ యౌవనకాలపు శిక్షణయందే యున్నదని తలంపవచ్చును.

శిక్షణ క్రమము

పై చరిత్రనుండి మూడు ప్రశ్నలు తేలుచున్నవి. వీనిని నేర్పు క్రమము కూడ ముఖ్యమే.

మొదటిది పాఠనిర్ణయము: అంకె సరియైనదా? మొత్తములు కూడిన సరిపోవుచున్నవా? ఒకే విషయమును రెండు పట్టికలు రెండు విధములుగా చెప్పుచున్నవా? ఇది మహలనోబిస్ గారి పాఠము.

రెండవది అర్థనిర్ణయము: ఈ అంకెను ఎవరు, ఎవరిని, ఏ ప్రయోజనము కొరకు కొలిచిరి? వేరు వేరు ప్రాంతముల అంకెలను కలుపుట న్యాయమా? ఇది ఘుర్యేగారి పాఠము. దీనికి పట్టికను చూచుటకు పూర్వమే, సేకరించినవారికి ఇచ్చిన ఉత్తరువులను, ప్రశ్నావళిని చదువుట అవసరము.

మూడవది వర్గనిర్ణయము: పట్టికలోని గడులకు పేరు పెట్టినది ఎవరు? ఈ ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. మహలనోబిస్ గారు అంకెలను దిద్దిరి. ఘుర్యేగారు వరుసలను విడదీసిరి. కాని కులమును శరీరపు కొలతలకు కొలబద్దగా గ్రహించిన మూలవిభాగమును ఇరువురును అట్లే స్వీకరింపవలసి వచ్చెను. కొలతకు నిలిచినవారు ఎట్లు ఎన్నుకొనబడిరో, వారు తమ కులమును గూర్చి ఏమని చెప్పుకొనిరో, వ్రాసినవాడు ఏమని వ్రాసెనో ఎంత గణితమును ప్రయోగించినను తిరిగి రాబట్టలేము. లెక్క శుద్ధమైనంత మాత్రమున ప్రశ్న శుద్ధము కాజాలదు.

ఈ మూడింటి తరువాతనే గణనకు పూనుకొనవలెను. నేడు మన బోధనలో ఈ క్రమము తలక్రిందగుచున్నది. 1947లో అమెరికాయందు రోపర్ కేంద్రము, 1962లో మిచిగన్ విశ్వవిద్యాలయమున విశ్వవిద్యాలయముల ఉమ్మడి భాండాగారము, 1967లో ఇంగ్లండున ఎసెక్స్ భాండాగారము ఏర్పడినది మొదలు, సర్వేల మూలపు అంకెలు పరిశోధకులకు సులభముగా లభించుచున్నవి. మన దేశమున 1950లో ప్రారంభమైన నేషనల్ శాంపిల్ సర్వే వివరములును నేడు కుటుంబము వారీగా లభించుచున్నవి. యంత్రము నిమిషములో లక్ష అంకెలను కూడును. తప్పు అంకెను కూడ అంతే వేగముతో కూడును. కావున విద్యార్థి మొదటినాడే గణనను నేర్చి, పరీక్షను ఎన్నడును నేర్వకపోవుట జరుగుచున్నది. మొదటి మాసమున విద్యార్థికి యంత్రమును ఇయ్యక, ఒక పాత ముద్రిత పట్టికను, దాని నివేదికను మాత్రము ఇచ్చి, పొందిక చెడిన తావులను పట్టుకొనుమని చెప్పుట మేలు. తాళపత్రపు పాఠాంతరములను గుర్తించుట నేర్చిన విద్యార్థికి ఇది కష్టము కానేరదు.

మన ప్రాంతమునకు సంబంధించిన సామగ్రియు ఈ అభ్యాసమునకు కొరత లేక యున్నది. ఎడ్గర్ థర్‌స్టన్ కె. రంగాచారి సహాయముతో 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులముల, తెగల సంపుటములు ఏడు. కులపురాణములను, జానపద వాఙ్మయమును పరిశోధించు మన విద్యార్థులు వానిని తరచుగా ఉదాహరింతురు. అందలి వర్ణనలను ఎత్తి వ్రాయువారు కలరు. కొలతల పట్టికలను చదువువారు అరుదు. ఆ పట్టికలలో సగటుతోపాటు గరిష్ఠ కనిష్ఠములను కూడ థర్‌స్టన్ ఇచ్చెను. ఒకే కులములోని వ్యక్తుల నడుమ గల భేదము రెండు కులముల సగటుల నడుమ గల భేదముకంటె ఎంత హెచ్చుగా నుండునో వానిని చూచినవారికి తెలియును. వర్ణనను నమ్మి పట్టికను విడిచినచో, ఆ గ్రంథము తనకు తానే చెప్పుకొన్న సమాధానమును మనము వినకపోయినట్లగును.

కులవివరములతో కూడిన గణనలు గతించిన విషయము కాదు. 2023లో బీహారు ప్రభుత్వమును, 2024లో తెలంగాణ ప్రభుత్వమును ఇంటింటి సర్వే జరిపి కులముల వారీ వివరములు సేకరించినవి. 1901 నాటి ప్రయోజనము వేరు, నేటి ప్రయోజనము వేరు. నాడు హెచ్చుతగ్గులను నిలుపుటకు గణించిరి. నేడు వానిని తగ్గించుటకు గణించుచున్నారు. కాని ఈ పట్టికలను కూడ రాబోవు తరముల పరిశోధకులు, వీనిని సేకరించినవారు ఊహింపని ప్రశ్నలకు ఉపయోగింతురు. ఏ గడిలో ఏ పేరు ఎందుకు చేరినదో, సేకరించినవారికి ఏ ఉత్తరువులు ఇయ్యబడినవో, వానిని కూడ పట్టికతోపాటు భద్రపరచుట నేటివారి విధి. వానిని చదివిన పిదపనే అంకెను ముట్టుకొనుట రేపటి పరిశోధకుని విధి. ఈ రెండవ విధిని నేర్పు బాధ్యత మన వంటి ఉపాధ్యాయులపై నున్నది.